పదవి వచ్చింది, ఇష్టమైన పని పోయింది: ఇప్పుడు ఏ లక్ష్యం పెట్టుకోవాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 34. ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో పదేళ్లుగా పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో, తయారైన సరుకులో లోపం ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడం నా పని. అది దొరికిన రోజు, కొత్తగా చేరినవాళ్లకు దాన్ని చూపించి నేర్పిన రోజు టైమ్ తెలిసేది కాదు. ప్రతి సంవత్సరం మొదట్లో లక్ష్యాలు రాసుకోవడం నాకు అలవాటు. ‘టీమ్ లీడ్ కావాలి’ అని చాలా ఏళ్లు రాశాను. రెండేళ్ల క్రితం అయ్యాను. ఒక నెల చాలా సంతోషంగా ఉన్నాను, అంతే. ఇప్పుడు రోజంతా మీటింగులు, రిపోర్టులు, సెలవుల సర్దుబాట్లు. ఈసారి ‘మేనేజర్’ అని రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. అప్రైజల్ ఫామ్‌లో ‘ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?’ అన్న గడి ఖాళీగా వదిలేశాను. నాతో చదువుకున్నవాళ్లు, పాత ఆఫీసువాళ్లు పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నారు. మా వారేమో ‘ఉన్నదాంతో తృప్తిగా ఉండు, అందరి ఉద్యోగాలూ ఇంతే’ అంటారు. నాది బద్ధకమో, ఆశ చచ్చిపోయిందో తెలియడం లేదు. తృప్తినిచ్చే ఉద్యోగ జీవితం కావాలంటే లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి? అసలు పెట్టుకోవాలా?
ఇట్లు, ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీది బద్ధకం కాదు. బద్ధకం ఉన్నవాళ్లు ఏటేటా కాగితం ముందు కూర్చుని లక్ష్యాలు రాసుకోరు. రాసుకున్నది చేతికి వచ్చేదాకా పట్టు వదలకుండా ఉండరు. ‘మేనేజర్’ అని రాయబోతే చెయ్యి ఆడలేదన్నారు. దాన్ని మీలో లోపంగా చూడకండి. పోయినసారి రాసుకున్న లక్ష్యం ఏమిచ్చిందో, బదులుగా ఏం పట్టుకుపోయిందో మీ మనసుకు బాగా తెలుసు. ఆ దారిలోనే ఇంకో మెట్టు రాయమంటే అది ఒప్పుకోలేదు.

మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు ఒకచోట ఆగిపోయాయి. లోపం ఎక్కడ పుట్టిందో పట్టుకున్న రోజు, దాన్ని కొత్తవాళ్లకు నేర్పిన రోజు టైమ్ తెలిసేది కాదని రాశారు. రాసి, అదేదో గడిచిపోయిన ముచ్చట అన్నట్టు ముందుకు వెళ్లిపోయారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తానికి ముఖ్యమైన మాట అదే. మీరు అడిగినదానికి జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది.

‘టీమ్ లీడ్ కావాలి’ అని రాసుకున్నప్పుడు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో మీరు రాసుకుని ఉండరు. ఎవరూ రాసుకోరు. హోదా పేరు కనిపిస్తుంది, జీతం కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ల మొహాల్లో సంతోషం కనిపిస్తుంది. ఆ హోదాలో గడపాల్సిన మామూలు మంగళవారం మాత్రం కనిపించదు. ప్రమోషన్ వచ్చిన రోజు ఒక్కటే. ఆ తర్వాత బతకాల్సింది మంగళవారాల్లోనే. మీకు ఇష్టమైన పనికి పదవి అడ్డు వచ్చి కూర్చుంది. ఒక నెల తర్వాత సంతోషం తగ్గిపోవడంలో వింతేమీ లేదు. కొత్త హోదా అయినా, కొత్త జీతమైనా కొన్నాళ్లకు అలవాటైపోతుంది. మీ విషయంలో అది అలవాటైపోయాక చూసుకుంటే, అంతకుముందు రోజూ ఆనందం ఇచ్చిన పని కూడా చేతిలో లేదు. అందుకే అంత వెలితి.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. లక్ష్యాన్ని హోదా పేరుతో రాసుకోవడం మానేయండి. మీ రోజుల్లో ఏ పని ఎక్కువగా ఉండాలి, ఆ పనిలో మీరు ఎంత లోతుకు వెళ్లాలి అన్నది లక్ష్యంగా రాసుకోండి. దానికోసం ఒక హోదా అవసరమని తేలితే అప్పుడు ఆ హోదాను ధైర్యంగా అడగండి. వరస మాత్రం అదే: ముందు పని, తర్వాత పదవి.

ఫ్రెడెరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, తన సహచరులతో కలిసి 1950ల చివర్లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగారు. ఉద్యోగంలో మీకు చాలా బాగా అనిపించిన సందర్భం చెప్పండి, చాలా చిరాకు పుట్టించిన సందర్భం చెప్పండి అని. ఆ ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. చిరాకుకు కారణంగా కంపెనీ రూల్సు, పై అధికారి తీరు, జీతం, పనిచేసే పరిస్థితులు ఎక్కువగా వచ్చాయి. బాగా అనిపించిన సందర్భాల్లో మాత్రం చేసిన పని, సాధించిన ఫలితం, దక్కిన గుర్తింపు, మోసిన బాధ్యత, ఎదుగుదల వచ్చాయి. ఆ పద్ధతి మీద విమర్శలూ ఉన్నాయి. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే పక్కవాళ్ల తప్పు అని చెప్పుకోవడం మనుషుల సహజం కదా అని తర్వాతి పరిశోధకులు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. అయినా అందులోంచి ఒక విషయం నాకు నిజమనిపిస్తుంది. అసంతృప్తిని తగ్గించేవి వేరు, తృప్తిని ఇచ్చేవి వేరు. జీతం పెరిగితే ఒక బాధ తీరుతుంది. కానీ బాధ తీరిన చోట ఆనందం దానంతటది వచ్చి కూర్చోదు.

డబ్బు గురించి ఇక్కడే ఒక మాట. డబ్బు కోసం లక్ష్యం పెట్టుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో అవసరం ఉంటే, అప్పు తీరాల్సి ఉంటే, పిల్లల చదువు ముందుంటే, ఎంత కావాలో ఎప్పటికి కావాలో అంకె వేసి విడిగా రాసుకోండి. దాన్ని తృప్తి అనే పేరుతో కలిపేయకండి. రెండూ కలిపి రాసుకుంటే డబ్బు వచ్చాక కూడా తృప్తి రాలేదేమని మిమ్మల్ని మీరే నిందించుకుంటారు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. కొత్త లక్ష్యం ఈ వారం రాయొద్దు. ముందు రెండు వారాలు మీ రోజుల్ని గమనించండి. సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడే ముందు ఐదు నిమిషాలు చాలు. ఆ రోజు ఏ పని చేస్తున్నప్పుడు ఫోన్ వైపు చూడాలని కూడా అనిపించలేదు, ఏ పనిని మూడుసార్లు పక్కకు నెట్టారు, ఎవరైనా వచ్చి మిమ్మల్ని సాయం అడిగితే దేనికోసం అడిగారు. ఇవి రాయండి. ‘ఈ రోజు బాగుంది, ఈ రోజు బాలేదు’ అని రాస్తే పనికిరాదు. ఏ పని, ఎవరితో, ఎంతసేపు అన్నది ఉండాలి. మూడో ప్రశ్న చాలామంది వదిలేస్తారు, దాన్ని మీరు వదలకండి. మనకు సులువుగా వచ్చే పని మనకు గొప్పగా అనిపించదు. ఇతరులు పదే పదే దేనికోసం మన దగ్గరికి వస్తున్నారో చూస్తే అది బయటపడుతుంది.

తెరెసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు ఇలాంటి డైరీలనే పెద్ద ఎత్తున రాయించారు. ఏడు కంపెనీల్లో 238 మంది రాసిన దాదాపు 12 వేల రోజువారీ డైరీలు వాళ్లు చదివారు. ఉద్యోగులకు బాగా గడిచిన రోజుల్లో అన్నిటికంటే తరచుగా కనిపించిన విషయం, తమకు అర్థవంతమనిపించే పనిలో ఆ రోజు కొంత ముందుకు వెళ్లడం. అది చిన్న ముందడుగు అయినా సరే. మీరు లోపం మూలాన్ని పట్టుకున్న రోజుల్లో జరిగింది అదే. ఇప్పుడు రోజంతా తీరిక లేకుండా పనిచేసినా సాయంత్రానికి ‘ఇదిగో, ఇంత కదిలింది’ అని చూపించుకోవడానికి ఏమీ మిగలడం లేదు.

రెండు వారాల కాగితాలు చేతిలో ఉన్నాక మీకు కావలసినది కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. అప్పుడు మనసులోకి వచ్చిన ప్రతి కోరికనూ ఒక ప్రశ్న అడగండి: ‘ఇది నాకు దక్కిందని ఎవరికీ చెప్పకూడదు అనే షరతు మీద ఇస్తే, అప్పుడు కూడా తీసుకుంటానా?’ తీసుకుంటాను అని వెంటనే జవాబు వస్తే అది మీ కోరిక. మనసు వెనకాడితే, ఆ కోరికలో మీ భాగం ఎంత, చూసేవాళ్ల భాగం ఎంత అని నిదానంగా ఆలోచించండి. ఇది మనశ్శాంతి కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. కెనన్ షెల్డన్, ఆండ్రూ ఇలియట్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, తమ ఆసక్తికీ విలువలకూ తగిన లక్ష్యాలు పెట్టుకున్నవాళ్లు వాటి కోసం ఎక్కువ కాలం శ్రమించారని, సాధించే అవకాశం కూడా వాళ్లకే ఎక్కువగా ఉందని, సాధించాక దక్కిన సంతోషం కూడా వాళ్లకే ఎక్కువని తేలింది. ఇతరుల ఒత్తిడితోనో, లేకపోతే చిన్నతనంగా ఉంటుందనే భయంతోనో పెట్టుకున్న లక్ష్యాన్ని కష్టపడి సాధించవచ్చు. కానీ చేతికొచ్చాక అది పెద్దగా ఏమీ ఇవ్వదు. మీరు అది అనుభవించే ఉన్నారు.

ఇంకో సంగతి చూసుకోండి. మీ లక్ష్యం ఎవరి చేతిలో ఉంది? మేనేజర్ కావడం అన్నది ఖాళీ ఉందా, బడ్జెట్ ఉందా, పై అధికారికి మీ మీద ఏ అభిప్రాయం ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. వాటిలో ఏదీ మీ చేతిలో లేదు. ‘మా విభాగంలో పదే పదే వచ్చే మూడు లోపాల మూలం ఈ ఏడాది తేల్చి, వాటిని పట్టుకునే పద్ధతి ఇద్దరు జూనియర్లకు నేర్పుతాను’ అన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. రెండోదాని వల్ల మొదటిది వచ్చినా రావచ్చు. రాకపోయినా ఆ ఏడాది వృథా కాదు.

లక్ష్యం ఎంత స్పష్టంగా ఉండాలి, ఎంత కష్టంగా ఉండాలి అన్నదాని మీద అందరికంటే ఎక్కువ పనిచేసినవాళ్లు ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్. లాక్ 1968లో మొదటి ముఖ్యమైన వ్యాసం రాశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగిన ప్రయోగాల సారం ఏమిటంటే, ‘శక్తి మేరకు చేస్తాను’ అనుకున్నవాళ్లకంటే, స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవాళ్లు బాగా చేస్తారు. అయితే దానికి షరతులున్నాయి. ఆ లక్ష్యానికి మనసు కట్టుబడి ఉండాలి, చేసే సామర్థ్యం ఉండాలి, ఎంతవరకు వచ్చామో తెలుస్తూ ఉండాలి. అప్రైజల్ ఫాముల్లో మొదటి సగం మాత్రమే మిగిలింది, షరతులు ఎగిరిపోయాయి.

మరో షరతు మీకు బాగా పనికొస్తుంది. రూత్ కాన్‌ఫర్, ఫిలిప్ అకర్‌మన్ 1989లో ఒక ప్రయోగం ప్రచురించారు. అమెరికా వైమానిక దళంలో కొత్తగా చేరినవాళ్లతో, విమానాల రాకపోకలను నియంత్రించే పని లాంటిదాన్ని కంప్యూటర్ మీద చేయించారు. పని ఇంకా అర్థంకాని దశలోనే ‘ఇన్ని విమానాలు దించాలి’ అని టార్గెట్ పెడితే ఫలితం దెబ్బతింది. పని కాస్త చేతిలోకి వచ్చాక పెట్టిన టార్గెట్ మేలు చేసింది. నేర్చుకునేటప్పుడు ధ్యాసంతా నేర్చుకోవడం మీదే ఉండాలి. అందులో సగం అంకె మీదికి పోతే రెండూ చెడతాయి. కాబట్టి తెలిసిన పనిలో ఫలితాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. కొత్త పనిలో నేర్చుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోండి. ఉదాహరణకు మీకు గణాంకాల సాఫ్ట్‌వేర్ కొత్త అనుకుందాం. ‘మూడు నెలల్లో లోపాలు 20 శాతం తగ్గిస్తాను’ అని రాసుకోవడం ఇప్పుడు టెన్షన్ పెంచుతుంది, అంతే. ‘మూడు నెలల్లో మా పాత లోపాల లెక్కలన్నీ అందులోకి ఎక్కించి, కారణాలను వేరు చేసే నాలుగు పద్ధతులు ప్రయత్నించి చూస్తాను’ అని రాసుకుంటే దారి కనిపిస్తుంది.

లక్ష్యాలు ‘స్మార్ట్’గా ఉండాలని, అంటే స్పష్టంగా, కొలవగలిగేలా, ఎవరు చేయాలో తెలిసేలా, సాధ్యమయ్యేలా, గడువుతో ఉండాలని మీ హెచ్ఆర్ వాళ్లు చెప్పే ఉంటారు. ఆ మాట జార్జ్ డోరన్ 1981లో ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలోది. కంపెనీల్లో మేనేజర్లు విభాగాల లక్ష్యాలు రాసేటప్పుడు వాడుకోవడానికి రాశారు. ప్రతి లక్ష్యంలోనూ ఆ ఐదు లక్షణాలూ ఉండి తీరాలని కాదని ఆయనే అందులో చెప్పారు. దాన్ని జీవితం మొత్తానికి కొలబద్దగా పట్టుకోవాల్సిన అవసరం లేదు. అలాగే, ఒక ప్రసిద్ధ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు కాగితం మీద రాసుకున్న 3 శాతం విద్యార్థులు తర్వాత మిగతా అందరికంటే ఎక్కువ సంపాదించారనే కథ మీరు ఏదో ఒక ట్రైనింగ్‌లో వినే ఉంటారు. అలాంటి అధ్యయనం జరిగిందనడానికి ఆధారం దొరకలేదు. రాసుకోవడం మంచిదే, నేనూ రాయమనే చెబుతున్నాను. కానీ రాసినంత మాత్రాన జరిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

జరగాలంటే క్యాలెండర్‌లో చోటు కావాలి. పీటర్ గోల్విట్సర్ అనే మనస్తత్వవేత్త దీన్ని చాలా ఏళ్లు పరిశోధించారు. ‘ఫలానా సమయం వచ్చినప్పుడు, ఫలానా చోట, ఫలానా పని మొదలుపెడతాను’ అని ముందే తేల్చుకున్నవాళ్లు, ‘చేయాలి’ అని మాత్రం అనుకున్నవాళ్లకంటే బాగా సాధిస్తారు. 2006లో ఆయన, పాశ్చల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా ఆ తేడా గట్టిగానే కనిపించింది. మీకు దీన్ని ఇలా అన్వయిస్తాను: ‘బుధవారం పొద్దున సీట్లో కూర్చోగానే, మెయిల్ తెరవకముందే, లోపాల ఫైలు తెరుస్తాను. ఆ టైమ్‌లో ఎవరైనా మీటింగ్ పెడితే, మధ్యాహ్నానికి మార్చమని అడుగుతాను.’ రెండో వాక్యం మొదటిదానికంటే ముఖ్యం. అడ్డంకి వచ్చాక ఆలోచిద్దామనుకుంటే ఆ సమయానికి మొహమాటమే గెలుస్తుంది.

గడువు వేసుకునేటప్పుడు ఉదారంగా ఉండండి. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, చివరి ఏడాది విద్యార్థుల్ని థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. నిజానికి పట్టింది సగటున 55 రోజులకు పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు వాళ్లు చెప్పిన అంకె కూడా దానికంటే తక్కువే. ఇంటి పని, ఆఫీసు పని రెండూ మోస్తున్నవాళ్లు దీన్ని ఇంకా గుర్తుపెట్టుకోవాలి. మూడు నెలలు అనిపిస్తే ఐదు అని రాయండి. గడువు దాటిన ప్రతిసారీ మన మీద మనకున్న నమ్మకం కొంచెం కొంచెం తగ్గుతుంది. ఆ నష్టం పని ఆలస్యం కావడంకంటే పెద్దది.

ఇదంతా చదివి, ఉద్యోగం మానేయమంటున్నానని అనుకోకండి. ఇప్పుడున్న ఉద్యోగంలోనే చాలా మార్చవచ్చు. ఎమీ రెస్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో రాసిన వ్యాసంలో ఒక ఆసుపత్రిలో శుభ్రం చేసే సిబ్బంది గురించి చెబుతారు. ఉద్యోగ పత్రంలో అందరికీ రాసి ఉన్న పని ఒకటే. కొందరు అంతవరకే చేసి వెళ్లేవాళ్లు. మరికొందరు రోగులతో, వాళ్లను చూడటానికి వచ్చినవాళ్లతో మాట్లాడేవాళ్లు, నర్సుల పని సాగేలా తమ పనిని సర్దుకునేవాళ్లు. వైద్యంలో తామూ ఒక భాగమని అనుకునేవాళ్లు. పని అప్పగించింది యాజమాన్యమే అయినా, దాని రూపాన్ని కొంత వాళ్లే దిద్దుకున్నారు. అయితే జీతం పెంచకుండా, భారం తగ్గించకుండా ‘మీ పనిలో అర్థం వెతుక్కోండి’ అని ఉద్యోగులకు చెప్పడానికి కొన్ని యాజమాన్యాలు ఈ మాటను వాడుకుంటాయి. దానికి నేను ఒప్పుకోను. పనిని దిద్దుకునే హక్కు మీది. మీ మేలు కోసం వాడుకోండి.

మీ టీమ్‌లో రిపోర్టులు, షెడ్యూళ్లు చక్కగా చూసుకునేవాళ్లు, పైకి రావాలని ఆశపడేవాళ్లు ఒకరైనా ఉంటారు. మీకు భారమైన పని వాళ్లకు మెట్టు కావచ్చు. పని అంటగట్టినట్టు కాకుండా, వాళ్ల పేరు పైవాళ్లకు తెలిసేలా అప్పగించండి. అలా మిగిలిన సమయాన్ని ఇంకో మీటింగ్ తినేయకముందే మీ పై అధికారితో మాట్లాడండి. ‘నాకు ఈ పని నచ్చడం లేదు’ అని మొదలుపెడితే ఆయన మీకు ఆసక్తి తగ్గిందని అనుకుంటారు. ఇలా అనొచ్చు: ‘సార్, మన దగ్గర పదే పదే వస్తున్న ఈ మూడు లోపాల మీద వారానికి నాలుగు గంటలు కూర్చోవాలనుకుంటున్నాను. రోజువారీ రిపోర్టులు ఫలానా వారికి అప్పగిస్తాను, మొదటి నెల వాళ్లు చేసింది నేను సరిచూస్తాను. మూడు నెలల తర్వాత ఏం తేలిందో మీ ముందు పెడతాను. అప్పుడు కొనసాగించాలో వద్దో మీరే చెప్పండి.’ ఇందులో మీరు అడిగింది చిన్నది, గడువు ఉన్నది, ఆయనకు కూడా లాభం ఉన్నది. కాదనడం కష్టం.

ఆ మాటల్లోనే ఇంకొకటి కనుక్కోండి. కొన్ని కంపెనీల్లో పైకి వెళ్లడానికి రెండు దారులుంటాయి. ఒకటి మనుషులను నడిపించేవాళ్లది, రెండోది ఒక విషయంలో నిపుణులుగా ఎదిగేవాళ్లది. రెండింటికీ జీతం, గౌరవం ఉంటాయి. మీ కంపెనీలో ఆ రెండో దారి ఉందా? లేకపోతే మీ కోసం ఒక చిన్న తోవ వేసే ఆలోచన ఎవరికైనా ఉందా? ఆ ఫామ్‌లో మీరు ఖాళీగా వదిలేసిన గడిలో ఈ ఏడాది ఇలా రాయొచ్చు: ‘ఈ విభాగంలో క్లిష్టమైన లోపాలు వచ్చినప్పుడు ముందుగా సంప్రదించే నిపుణురాలిగా, ఆ నైపుణ్యాన్ని కొత్తవాళ్లకు నేర్పే వ్యక్తిగా ఉండాలనుకుంటున్నాను.’ అందులో అబద్ధం లేదు, అతి వినయం లేదు, ఏ హోదా పేరూ లేదు.

మీ వారి మాట గురించి. ‘ఉన్నదాంతో తృప్తిగా ఉండు’ అన్నది మీ మీద ప్రేమతోనే అని ఉంటారు. మీరు బాధపడుతుంటే చూడలేక మనుషులు ముందు అనే మాట అదే. బహుశా ఇంకో పెద్ద పదవి కోసం మీరు మళ్లీ ఒళ్లు హూనం చేసుకుంటారేమో అని ఆయన భయం కావచ్చు. మీకు కావలసింది పెద్ద పదవి కాదని, ఇష్టమైన పని అని ఆయనకు చెప్పారా? ఆ రెండు వారాల కాగితాలు ఆయనకు చూపించండి. ‘నాకు అసంతృప్తిగా ఉంది’ అనే మాటకంటే, ‘ఈ పది రోజుల్లో నాకు నచ్చిన పని చేసింది మొత్తం మూడు గంటలు’ అనే లెక్క ఆయనకు బాగా అర్థమవుతుంది. బుధవారం పొద్దున మీరు అరగంట ముందుగా ఆఫీసుకు వెళ్లాలంటే ఇంట్లో ఎవరు ఏం చూసుకోవాలో అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి. పెళ్లయిన ఆడవాళ్ల లక్ష్యాలు చాలాసార్లు ఆఫీసులో కంటే ఇంటి టైమ్‌టేబుల్ దగ్గరే ఆగిపోతాయి. ఆ మాట అనడానికి మొహమాటపడొద్దు.

మొదలుపెట్టాక నెల తిరక్కుండానే ఒక వారం అంతా చెడిపోతుంది. ఆడిట్ వస్తుంది, పిల్లలకు జ్వరం వస్తుంది, బుధవారాలు పోతాయి. అప్పుడేం చేయాలో మీ వృత్తే మీకు చెబుతుంది. 1924లో వాల్టర్ షూహార్ట్ మొదటిసారి గీసిన కంట్రోల్ చార్టు, అంటే తయారీలో వచ్చే హెచ్చుతగ్గులను చుక్కలుగా చూపించే గీతల పటం, మీరు రోజూ చూసేదే. ఒక చుక్క కాస్త కిందికి రాగానే యంత్రం సెట్టింగులు మార్చేస్తే లోపాలు ఇంకా పెరుగుతాయని మీ జూనియర్లకు మీరే చెప్పి ఉంటారు. మీ లక్ష్యాన్ని కూడా అలాగే చూడండి. ఒక చెడ్డ వారాన్ని బట్టి దాన్ని మార్చకండి. వరసగా నెలలు గడిచినా గీత ఒకే వైపు పోతుంటే మాత్రం కారణం వెతకండి. ఆరు నెలలకు ఒక తేదీ వేసుకుని, ఆ రోజు మాత్రమే ‘దీన్ని కొనసాగించాలా?’ అన్న ప్రశ్న వేసుకోండి. మధ్యలో వేసుకోవద్దు. ఆ తేదీన మానేయాలనిపిస్తే మానేయండి. ఒకప్పుడు కావాలనుకున్నది ఇప్పుడు వద్దనుకోవడం ఓటమి కాదు. ‘టీమ్ లీడ్’ అన్న లక్ష్యాన్ని మధ్యలో ఒక్కసారి ఇలా నిలబెట్టి అడిగి ఉంటే, అది తప్పు లక్ష్యమని కాకపోయినా, సగం లక్ష్యమే అని అప్పుడే తెలిసేది.

ఇవన్నీ చేసినా మీ కంపెనీలో చోటు దొరక్కపోవచ్చు. పై అధికారి మొదటిసారి కాదంటే మూడు నెలలాగి, కొంత ఫలితం చేతిలో పెట్టుకుని మళ్లీ అడగండి. రెండోసారి కూడా కారణం చెప్పకుండా కాదంటే బయట చూడటం మొదలుపెట్టండి. చూసేటప్పుడు, ఇప్పుడు తలచుకుంటేనే మీకు చిన్నతనంగా అనిపిస్తున్న ఆ పాత సహచరులు, కలిసి చదువుకున్నవాళ్లే బాగా పనికొస్తారు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికిన కొందరిని ఆ వ్యక్తిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా కలిసేవాళ్లమని చెప్పింది దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 56 శాతం దాకా, అరుదుగా అన్నవాళ్లు 28 శాతం దాకా ఉన్నారు. రోజూ కలిసేవాళ్లకు తెలిసినవి మనకూ తెలుసు. దూరంగా ఉన్నవాళ్లకు తెలిసిన సంగతులు వేరు.

వాళ్లలో ముగ్గురు నలుగురికి ఫోన్ చేయండి. ఖాళీలు ఉన్నాయా అని మొదలుపెట్టకండి. జీతం ఎంత, హోదా ఏమిటి అని కూడా అడగొద్దు. ‘నిన్న ఆఫీసులో పొద్దున్నుంచి ఏం చేశావు? అందులో నీకు నచ్చిన పని ఎంతసేపు?’ అని అడగండి. తొందరపడకుండా వినండి, విన్నది మీ డైరీ పక్కన పెట్టి చూసుకోండి. బయట ఉద్యోగం వెతకాలా, ఉన్నచోటే ఇంకొన్నాళ్లు పని దిద్దుకోవాలా అన్నది ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు.